కళాకారులకూ ఒక హాస్టల్ కావాలి

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని పూర్వ విద్యార్థి మిత్రులు ఫోన్ చేసినప్పుడు "దేని గురించి రాయమంటారు?" అని అడిగాను. "ఏముంది సార్, కష్టపడి చదవండి, లక్ష్యం పెట్టుకోండి, మేము ఎట్లా పైకొచ్చామో చూడండి అని నాలుగు మాటలు రాయండి" అన్నారు. ఆ నాలుగు మాటలు ప్రతి సంచికలోనూ ఉంటాయి. ఉండాలి కూడా. గ్రూప్-2 ఎట్లా రాయాలో, డీఎస్సీకి ఎట్లా చదవాలో చెప్పే అన్నలు మనకు చాలామంది ఉన్నారు. నేను డ్రాయింగ్ మాస్టర్ని. నాకు తెలిసిందే రాస్తాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మార్కులకు పనికొచ్చే వ్యాసం కాదు. అయినా చివరిదాకా చదవమని మనవి.

ఈ మధ్య చిత్రకారుల మధ్య 'ఆర్టిస్ట్ రెసిడెన్సీ' అనే మాట ఎక్కువగా వినపడుతోంది. పేరు పెద్దది గానీ విషయం చిన్నదే. ఒక చిత్రకారుడినో, శిల్పినో, కవినో, ఫొటోలు తీసేవారినో ఒక చోటికి పిలుస్తారు. నెలో రెండు నెలలో ఉండటానికి గది, మూడు పూటలా తిండి, పని చేసుకోవటానికి చోటు, చేతి ఖర్చులకు కొంత డబ్బు ఇస్తారు. వాళ్లు ఆ ఊరిని చూస్తారు, మనుషులతో కలుస్తారు, తమ పని చేసుకుంటారు. నాకు మొదటిసారి ఒకాయన ఇది వివరించి చెప్పినప్పుడు నవ్వొచ్చింది. "దీన్ని మేము హాస్టల్ అంటాం సార్" అన్నాను. ట్రంకు పెట్టె తలకింద పెట్టుకుని, గంట కొడితే తట్ట పట్టుకుని లైన్లో నిలబడి, వేరే వేరే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలతో ఒకే హాల్లో పడుకుని పదేళ్లు గడిపినవాళ్లం మనం. రెసిడెన్సీ అంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఇవి పట్టణాలు వదిలి పల్లెల్లోకి, పొలాల మధ్యకు వస్తున్నాయి. కళాకారుడు రైతులతో ఉండి విత్తనం, నీళ్లు, మట్టి, పశువుల సంగతులు తెలుసుకుని వాటితో పని చేయటం అన్నమాట. మధ్యప్రదేశ్‌లో పరడ్‌సింగా అనే పల్లెలో 'గ్రామ్ ఆర్ట్ ప్రాజెక్ట్' పేరుతో కళాకారులు, రైతులు, ఆడవాళ్లు కలిసి పని చేస్తున్నారు. నాటు పత్తి పండించి, నూలు వడికి, లోపల విత్తనం పెట్టి రాఖీలు చేస్తారు. పండగ అయిపోయాక ఆ రాఖీని మట్టిలో పెడితే మొలకెత్తుతుంది. ఇట్లాంటిది మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ఎందుకు ఉండకూడదు అనేది నా ప్రశ్న. ఉండాలి, అది మన హాస్టళ్లలోనే ఉండాలి, అయితే కొన్ని షరతుల మీద ఉండాలి అనేది నా అభిప్రాయం. ఆ షరతులు ఎందుకో చెప్పటానికే ఈ వ్యాసం.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మాది ముద్దనూరు వైపు పల్లె. మా నాయన కూలికి పోయేవాడు, మా అమ్మ కలుపుకు పోయేది. నేను హాస్టల్ వెనక గోడ మీద బొగ్గుతో ఎద్దుల బొమ్మలు గీసేవాణ్ణి. ఒకనాడు వార్డెన్ గారు చూశారు. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన కాసేపు చూసి, "ఆ కొమ్ములు బాగున్నాయిరా, రేపటి నుంచి హాల్లో నీతి వాక్యాలు నువ్వే రాయి" అని నీలం రంగు డబ్బా తెప్పించి ఇచ్చారు. పదో తరగతి అయ్యాక ప్రొద్దుటూరులో బోర్డులు రాసే ఒక ఆర్టిస్టు దగ్గర చేరాను. బంగారు అంగళ్ల బోర్డులు, ఎరువుల కొట్ల బోర్డులు, ఎన్నికలప్పుడు గోడలు. బండలాగుడు పోటీలకు ముందు ఎద్దుల కొమ్ములకు రంగులు కూడా వేశాను. ఆ పనికి వచ్చినంత మెప్పు నాకు ఇంకే బొమ్మకూ రాలేదు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రెండేళ్లలో మా వీధిలో కుంచె పట్టేవాళ్లే లేకుండా పోయారు. ఒకరు ఆటో తోలారు, ఒకరు బెంగుళూరు పోయి బిల్డింగులకు సున్నాలు వేశారు. నేను డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, టీటీసీ చేసి ఇట్లా బతికిపోయాను.

ఇది జాలి కోసం చెప్పటం లేదు. ఆ రోజుల్లో మాలాంటి వాళ్లకు రెండు నెలలు గది, అన్నం ఇచ్చి 'ఫ్లెక్సీ రాసినట్టు కాదు, నీకు నచ్చినట్టు గీయి' అన్న చోటు ఒక్కటి ఉన్నా, ఇద్దరు ముగ్గురైనా కుంచె వదిలేవాళ్లు కాదని నా నమ్మకం.

మన ప్రాంతానికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర కొండ రాళ్ల మీద చరిత్రకు ముందటి మనుషులు వేసిన బొమ్మలున్నాయి. ఎర్ర మట్టితో, తెల్ల రంగుతో వేసినవి. వాటిలో మూపురం ఉన్న ఎద్దులున్నాయి, జింకలున్నాయి, మనుషులున్నారు. నేను గోడ మీద బొగ్గుతో గీసిన ఎద్దు, ఆ రాతి మీది ఎద్దు ఒకే జాతివి. ఆ కాలంలో చిత్రకారుడు వేరు, పశువులు మేపుకునేవాడు వేరు అని ఎవరూ విడదీసి ఉండరు. మన స్కూళ్ల నుంచి పిల్లల్ని గండికోటకు విహారయాత్ర తీసుకుపోతారు గానీ, చింతకుంటకు తీసుకుపోయిన స్కూలు నాకు ఇంతవరకు కనపడలేదు.

1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలు సరిచేయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఈరోజు కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉన్నది ఆ బంగళా స్థలంలోనే. అదీ ఒక రెసిడెన్సీయే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె కాలేజీలో కొన్ని రోజులుండి జనగణమనను ఇంగ్లీషులోకి రాసుకున్నాడు. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు శివతాండవాన్ని ప్రొద్దుటూరు అగస్త్యేశ్వర స్వామి గుడిలోనే రాశారని మన పెద్దలు చెబుతారు. ఒక మంచి చోటు, కొంచెం ప్రశాంతత దొరికితే పని ఎట్లా జరుగుతుందో ఇవన్నీ చెబుతాయి.

ఠాగూర్ అంతటితో ఆగలేదు. శాంతినికేతన్ పక్కనే 1922లో శ్రీనికేతన్ పెట్టాడు. దాన్ని నడపటానికి వచ్చినవాడు ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లండు వ్యవసాయ నిపుణుడు. 1928లో అక్కడ హలకర్షణం అని మడక దున్నే పండగ మొదలుపెట్టారు. నందలాల్ బోస్ ఆ పండగను గోడ మీద చిత్రించాడు. మహాకవి మడక పట్టటం చూసి అప్పటి చదువుకున్నవాళ్లకు ఆశ్చర్యం కలిగి ఉంటుంది. మన నాయనలు రోజూ పట్టింది అదే మడక. వాళ్లను ఎవరూ గోడ మీద వేయలేదు. ఈ తేడా మనసులో పెట్టుకుని తర్వాతి సంగతి చదవండి.

ఒకసారి ఒక ఆర్ట్ క్యాంపుకు నన్ను పిలిచారు. ఏ ఊళ్లో, ఎవరు పెట్టారు అనేది ఇక్కడ అనవసరం. పొలాల మధ్య మంచి తోట. పదిహేను మంది చిత్రకారులం. పొద్దున్నే పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, "కొంచెం అట్లాగే వంగి ఉండండి, లేవొద్దండి" అని స్కెచ్‌లు వేసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ ఎండలో వంగి ఉండటం ఏమిటో మా అమ్మ నడుము చూసినవాణ్ణి గనక నా చెయ్యి ఆడలేదు. ఒక అవ్వ లేచి నిలబడి నా వైపు చూసి, "ఏం నాయనా, మా బొమ్మలు గీసుకుంటాండారే, ఇవి అమ్మితే మాకేమన్నా వచ్చాదా?" అనింది. నవ్వుతూనే అడిగింది. పక్కనున్న చిత్రకారుడొకాయన "అవ్వా, నువ్వు చాలా అందంగా ఉన్నావు" అన్నాడు. అవ్వ మళ్లీ వంగి కలుపు తీసుకుంది. మధ్యాహ్నం మాకు అరిటాకులో భోజనం పెట్టారు. ఆమెకు గట్టు మీద టిఫిను డబ్బా. సాయంత్రం సభలో ఒకాయన 'మట్టి పరిమళం' గురించి గంట సేపు మాట్లాడాడు.

మిత్రులారా, మట్టికి పరిమళం ఉంటుంది. నేను కాదనను. కానీ ఆ మట్టి ఎవరి పేరున ఉంది, అందులో ఎవరు వంగి పని చేస్తున్నారు, రోజు కూలి ఎంత అని అడగని కళ నాకు సగం కళగానే కనపడుతుంది. మనలో ఎక్కువ మంది ఇళ్లకు సొంత భూమి లేదు. ఉన్నా డీకేటీ పట్టా మీద వచ్చిన రాళ్ల భూమి, అందులోకి నీళ్లు రావు. మనకు భూమి అంటే సెలవుల్లో ఇంటికి పోతే అమ్మతో పాటు పోయే కూలి పని. అందుకే 'కళ, సేద్యం, ప్రకృతి' అంటూ ఎవరైనా వస్తే మనకు ముందు అనుమానం కలుగుతుంది. కలగాల్సిందే.

అయితే అనుమానం దగ్గరే ఆగిపోవటం కూడా తప్పే. ఇదే పనిని సరిగ్గా చేసి చూపించినవాళ్లు మన తెలుగు నేల మీదే ఉన్నారు. మెదక్ జిల్లా అని మనం చదువుకున్న చోట, ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983 నుంచి పని చేస్తోంది. అందులో సంఘాలు కట్టుకున్నవాళ్లు ఎక్కువగా దళిత ఆడవాళ్లు. బీడుపడిన చెక్కలు బాగు చేసుకుని జొన్న, కొర్ర, సామ, కంది, పెసర కలిపి వేసుకున్నారు. సంస్థ పెట్టినవాళ్లలో ముఖ్యుడైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 2023లో కన్నుమూశారు. ఆయన కెమెరా తెలిసిన మనిషి. కావాలంటే ఆ ఆడవాళ్ల మీద తానే సినిమాలు తీసి పేరు తెచ్చుకోవచ్చు. కెమెరాను తీసుకుపోయి వాళ్ల చేతికే ఇచ్చాడు.

బడికి పోని కూలి ఆడవాళ్లు కెమెరా నేర్చుకున్నారు. నేర్చుకుని, ఆ విద్యకు తమ సొంత మాటలు పెట్టుకున్నారు. డ్రాయింగ్ మాస్టరుగా నాకు ఇది చాలా గొప్ప విషయం. కింద నుంచి పైకి చూస్తూ తీసే షాట్‌కు వాళ్లు పెట్టిన పేరు 'పటేల్ షాట్'. ఎందుకంటే ఎత్తు అరుగు మీద కూర్చున్న పటేలును వాళ్లు జీవితమంతా అట్లాగే చూశారు. పై నుంచి కిందికి చూసేది 'బానిస షాట్'. పటేలు వాళ్లను చూసింది అట్లా. ఎదురెదురుగా, కంటికి కన్ను సమానంగా తీసేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు గనక. కాలేజీల్లో ఏళ్ల తరబడి చెప్పే పాఠాన్ని మూడు మాటల్లో చెప్పేశారు. నేను పాల్గొన్న ఆ క్యాంపులో కలుపు తీసే అవ్వను మేమందరం గీసింది ఏ షాట్‌లోనో మీరే చెప్పండి.

వీళ్లు తీసిన చిత్రాలు ఊరికే అలంకారానికి కాదు. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ మొదటి పంటలోనే వరంగల్ రైతులు ఎట్లా నష్టపోయారో ఊరూరూ తిరిగి, రైతుల మాటల్లోనే రికార్డు చేసి 2003లో సినిమా తీశారు. పత్తి మార్కెట్టు ఉన్న ప్రొద్దుటూరు వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? 2008 అక్టోబరులో మాచనూరులో 'సంఘం రేడియో' మొదలైంది. దాన్ని నడిపినవాళ్లు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత అమ్మాయిలు. ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులు పాత పంటల జాతర చేస్తూ వచ్చారు. ఎద్దుల బండ్లను పూలతో, కంకులతో అలంకరించి, బుట్టల్లో రకరకాల విత్తనాలు పెట్టుకుని, పాటలు పాడుతూ ఊరి నుంచి ఊరికి పోతారు. ఏ ఊరి విత్తనం ఆ ఊరివాళ్లు చూపిస్తారు, లేనివాళ్లు తీసుకుంటారు. అది వ్యవసాయ ప్రదర్శనా, కళా ప్రదర్శనా అని అడిగితే వాళ్లకు ప్రశ్నే అర్థం కాదు. 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు వచ్చింది.

మన పక్కనే, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ కూడా ఉంది. 1990లో 32 ఎకరాల గుట్టల బీడు కొని, దాన్ని తాకకుండా, మంటలు పడకుండా కాపలా కాస్తే చాలు చెట్లు వాటంతట అవే లేస్తాయని నిరూపించారు. వానలు లేని అనంతపురంలో సాధ్యమైంది పాపాఘ్ని, చిత్రావతి, పెన్న పారే మన దగ్గర సాధ్యం కాదా?

ఇక మన సొంత ఊళ్ల సంగతికి వద్దాం. పులివెందులలో ప్రకృతి వ్యవసాయం మీద పరిశోధనకు, శిక్షణకు జర్మనీ ప్రభుత్వ సహకారంతో ఇండో-జర్మన్ అకాడమీ ఏర్పాటయింది. రైతులనే 'రైతు శాస్త్రవేత్తలు'గా తయారు చేయటం దాని ఉద్దేశం. చీనీ తోటలు, అరటి తోటలు బోర్ల మీద ఆధారపడి, బోర్లు వెయ్యి అడుగులు పోయిన ప్రాంతంలో ఇట్లాంటి చదువు అవసరమే. 2024లో మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. మనవాళ్లు, రతన్ లాల్ అనే మట్టి శాస్త్రవేత్త, ఈజిప్టులోని సెకెమ్ అనే సంస్థ.

ఈ సెకెమ్ గురించి రెండు మాటలు. ఇబ్రహీం అబూలైష్ అనే ఆయన 1977లో కైరో దగ్గర ఎడారిలో మొదలుపెట్టిన పొలం అది. ఇసుకలో కంపోస్టు వేసి పచ్చగా చేశారు. అక్కడ పొలంలో, ఫ్యాక్టరీలో పని చేసే కూలీలకు సంగీతం, బొమ్మలు, నాటకం కూడా పనిలో భాగంగా నేర్పుతారు. పని అయిపోయిన తర్వాత ఓపిక ఉంటే నేర్చుకోమనటం కాదు, పని గంటల్లోనే. బహుమతి పంచుకున్న మనవాళ్లు ఆ సంగతి కూడా పంచుకుంటే బాగుంటుంది. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం పెట్టారు. పులివెందులలో మట్టి చదువు, కడపలో బొమ్మల చదువు. రెండింటి మధ్య బస్సులో రెండు గంటల దూరం. ఈ రెండూ ఒకే పొలం గట్టు మీద కలుసుకోవాలని కోరటం అత్యాశ అంటారా?

జమ్మలమడుగు వైపు వస్తే నా బాధ వేరే ఉంది. గండికోట దగ్గర పెన్న లోయ చూడటానికి దేశమంతా వస్తోంది. ఫొటోలు తీసుకుని పోతున్నారు. కానీ అదే గండికోట పేరు మీద కట్టిన జలాశయం కింద ఊళ్లే మునిగాయి. 2020లో తాళ్ల ప్రొద్దుటూరు వాళ్లు ఇళ్లు వదిలి పోయారు. నీళ్లు రావాలి, కాదనటం లేదు. మన చేలకూ ఆ నీళ్లే కావాలి. కానీ మునిగిన ఊళ్లో ఒక ఇంటి తలుపు మీద చెక్కిన చిలకల బొమ్మలు, కల్లం దొడ్డి, రచ్చబండ, మాలవాడ, మాదిగవాడ, పీర్ల చావిడి ఎట్లా ఉండేవో గీసి పెట్టిన చిత్రకారుడు ఎవరున్నారు? గుడి విగ్రహాలకు కొత్త చోట గుడి కట్టుకుంటారు. మా పేటలోని వేపచెట్టు కింద పలకలు కాచుకునే చోటుకు ఎవరు కడతారు? నీళ్లు రాకముందు ఒక్క ఏడాది నలుగురు కళాకారులు ఆ ఊళ్లలో ఉండి ఉంటే మనవాళ్ల పిల్లలకు తమ ఊరు ఎట్లా ఉండేదో చూసుకోవటానికి ఒక పుస్తకమైనా మిగిలేది. అది చేజారిపోయింది. తుమ్మలపల్లె చుట్టుపక్కల యురేనియం గని వచ్చాక బోరు నీళ్ల గురించి, అరటి తోటల గురించి రైతులు ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. శాస్త్రవేత్తలు పరీక్షలు చేయాలి, అది వాళ్ల పని. ఆ రైతుల ముఖాలు, మాటలు భద్రం చేసేది మాత్రం మాలాంటి వాళ్లే.

పలక అన్నాను గనక ఒక మాట. పలక తయారీ చూశారా మీరు? కట్టె చట్రం కావాలి, తోలు కావాలి, చింతగింజల జిగురు కావాలి, ఎండ కావాలి, చివరికి మంట కావాలి. చెట్టు, పశువు, సేద్యం, నిప్పు అన్నీ కలిస్తే గానీ ఆ శబ్దం రాదు. కళకు ప్రకృతికి ఉన్న సంబంధం మీద పెద్ద పెద్ద సెమినార్లు పెడుతున్నారు. మా తాత చేతిలో ఉన్న ఆ వస్తువు కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. చావుకీ జాతరకీ పిలిచి, గుడి బయట నిలబెట్టి, ఇంత ముట్టజెప్పి పంపించిన విద్య అది. పక్క జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు మీద పని కళేనని ప్రభుత్వం ఒప్పుకుంది. మనం మాత్రం హాస్టల్లో పలక పేరెత్తటానికి ఇంకా సిగ్గుపడుతున్నాం. ఆ సిగ్గు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, నేనూ సిగ్గుపడినవాణ్ణే. పది చదివే రోజుల్లో మా తాత హాస్టల్‌కు వస్తే పలక బయట చెట్టు దగ్గర పెట్టి రమ్మన్నాను.

ఇప్పుడు నా ప్రతిపాదన. మన హాస్టళ్లు ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఖాళీగా ఉంటాయి. గదులున్నాయి, వంటగది ఉంది, బోరు ఉంది. జిల్లా సాంఘిక సంక్షేమాధికారి గారిని అడిగి, అనుమతి తెచ్చుకుని, ఆ సెలవుల్లో ఒక మగపిల్లల హాస్టల్లో నలభై రోజులు నలుగురు కళాకారులను ఉంచుదాం. ఆడపిల్లల హాస్టళ్ల జోలికి పోవద్దు, అక్కడ బయటివాళ్లు ఉండటం మంచిది కాదు. మహిళా కళాకారులు వస్తే మన పూర్వ విద్యార్థుల ఇళ్లలో ఉంటారు. ఖర్చు ప్రభుత్వం మీద వేయొద్దు. ప్రభుత్వం డబ్బు పిల్లల మెస్ చార్జీలకు, కాస్మెటిక్ చార్జీలకే చాలటం లేదు, అందులో చెయ్యి పెట్టటం పాపం. ఉద్యోగాల్లో ఉన్న మనమే తలా కొంత వేసుకుందాం.

నలుగురిలో ఇద్దరు మన హాస్టళ్లలో చదివినవాళ్లే ఉండాలి. సున్నాలు వేసుకుంటున్నవాడు, ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు, పెళ్లయి కుంచె మూలన పెట్టిన అమ్మాయి ఎవరో ఒకరు. వాళ్లకు ఆ నలభై రోజుల కూలి పూర్తిగా కట్టివ్వాలి, ఎందుకంటే పని మానుకుని వస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. కళాకారుడికి గౌరవం ఇస్తే చాలు అనుకునేవాళ్లు గౌరవంతో సంగటి కెలికి చూపించాలి. మిగతా ఇద్దరు బయటి నుంచి రావచ్చు, కడప విశ్వవిద్యాలయం నుంచి కావచ్చు, కలకత్తా నుంచి కావచ్చు. మూడో మనిషిని, నాలుగో మనిషిని చూడకపోతే మనం బావిలో కప్పల్లాగే ఉంటాం.

వచ్చినవాళ్లు వారానికి రెండు రోజులు చేలో పని చేయాలి. ఫొటో కోసం కాదు, పొద్దున ఆరింటి నుంచి అందరితో పాటు. నేర్పిన కూలి అమ్మలకు మాస్టర్లకు ఇచ్చినట్టే ఫీజు ఇవ్వాలి. ఏ గింజ ఎప్పుడు వేయాలో, నల్లరేగడి ఎప్పుడు గొర్రుకు వస్తుందో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఎవరి బొమ్మ వేసినా ఆ మనిషిని అడిగి వేయాలి. పోయేటప్పుడు ఒక పని ఊళ్లో వదిలి పోవాలి. గోడ మీద బొమ్మ కావచ్చు, బాగు చేసిన బావి మెట్లు కావచ్చు, విత్తనాలు దాచుకునే కుండల మీద గుర్తులు కావచ్చు. ఆ క్యాంపులో అవ్వ నన్ను అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇంతే.

దీనికి కొందరు మిత్రులు అడ్డు చెప్పారు. ఒకాయన బ్యాంకు మేనేజరు, నాకు సీనియర్. "తమ్ముడూ, మన పిల్లలు ఆ మట్టిలోంచి బయటపడాలని కదా మనం హాస్టల్‌కు పంపింది? మళ్లీ మడక, పలక అంటావేంది? వాళ్లకు కంప్యూటర్ నేర్పించు" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. కూలి పని గొప్పది అని చెప్పి పిల్లల్ని కూలీలుగానే ఉంచాలనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లతో జాగ్రత్తగా ఉండాలి. నేనూ నా కొడుకును చేలోకి పంపలేదు, ఇంజనీరింగ్ చదివించాను. కానీ అన్నా, మట్టిలోంచి బయటపడటం వేరు, మట్టి గురించి మనకు తెలిసింది పారేసుకోవటం వేరు. మనం పారేసుకున్నదాన్ని ఎవరో ఏరుకుని, గాజు పెట్టెలో పెట్టి, టిక్కెట్టు పెట్టి మన పిల్లలకే చూపిస్తారు. అప్పుడు టిక్కెట్టు కొనుక్కునే ఉద్యోగం ఉంటే చాలా మనకు? మీ మాట ప్రకారమే కంప్యూటర్ కూడా నేర్పుదాం. జహీరాబాద్ ఆడవాళ్లు కెమెరా పట్టారు కదా, మన పిల్లలు సెల్‌ఫోన్‌తో వాళ్ల అవ్వల మాటలు రికార్డు చేయలేరా? ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ మొదటి ఏడాది బియ్యం తనవే అన్నాడు.

ఇంకొకరు, "మన హాస్టల్‌కు ఎవరొస్తారు సార్, నవ్వుతారు" అన్నారు. 2014లో రాష్ట్రపతి భవన్‌లో రచయితలకు అతిథులుగా ఉండే అవకాశం ఇచ్చినప్పుడు అక్కడికి పోయి ఉన్నవారిలో ఒకరు మన జిల్లా రచయిత వేంపల్లి గంగాధర్. 2011లో ఆయనకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చిన కథల పుస్తకం పేరు 'మొలకల పున్నమి'. పేరులోనే విత్తనం ఉంది. పులివెందుల పక్కనున్న వేంపల్లె పేరు పెట్టుకున్న మనిషికి రాష్ట్రపతి భవన్‌లో గది దొరికినప్పుడు, అక్కడి మనుషులకు మన హాస్టల్లో గది ఇస్తామంటే నవ్వటానికి ఏముంది?

నా వంతు నేను చెప్పేస్తున్నాను. వచ్చే మే నెల మొదటి వారంలో నా పరుపు చుట్ట, రంగుల డబ్బాలు తీసుకుని మన హాస్టల్‌కు వస్తాను. ఇంకెవరూ రాకపోయినా నలభై రోజులుంటాను. ముద్దనూరు కొండ కింద ఎర్రమట్టి, జమ్మలమడుగు నల్లరేగడి, సుద్ద నేనే తెచ్చుకుంటాను. పలక చేసే పెద్దాయన ఒకరిని ఒప్పించాను, ఆయనకు వారం రోజుల కూలి ముందే ఇచ్చాను. చింతగింజలు పిల్లలు ఇప్పటి నుంచి ఏరి పెడితే మేలు. వార్డెన్ గారికి ఒక్క విన్నపం. వెనక గోడకు ఈసారి సున్నం కొట్టించేటప్పుడు అందులో నీలిమందు కలపనివ్వొద్దు. మట్టి రంగులు దాని మీద పట్టవు.